పిల్లి కణితుల్లో కాక్స్-2: 169 స్లైడ్ల డైరీ

కణితి ముక్క మీద, మనం వెతికే ప్రొటీన్‌కు అతుక్కునే యాంటీబాడీ వేస్తాం, గోధుమ రంగు వచ్చిందో లేదో మైక్రోస్కోపులో చూస్తాం. వినడానికి పని ఇంతే. కానీ పిల్లుల కణితుల్లో కాక్స్-2 అనే ఎంజైమ్ మీద వచ్చిన పేపర్లు వరసబెట్టి చదివితే తల తిరుగుతుంది. అదే రకం కణితిలో ఒకరికి చాలా తక్కువ పాజిటివ్‌లు, ఇంకొకరికి దాదాపు అన్నీ పాజిటివ్‌లే. ఆ తేడా ఎక్కడ పుడుతుందో నా స్లైడ్లే నాకు చూపించాయి. ఈ పని మొదలుపెట్టబోయేవాళ్లు నేను పారేసినన్ని స్లైడ్లు పారేయకుండా ఉంటారని రాస్తున్నాను.

ముందుగా తెలియాల్సింది ఒకటుంది. కాక్స్-2, అంటే సైక్లోఆక్సిజినేజ్-2, అరాకిడోనిక్ ఆమ్లాన్ని ప్రోస్టాగ్లాండిన్ హెచ్2గా మారుస్తుంది. దాని నుంచే ప్రోస్టాగ్లాండిన్ ఈ2 తయారవుతుంది. కణితికి కొత్త రక్తనాళాలు రావడానికీ, చావాల్సిన కణాలు చావకుండా ఉండటానికీ సాయపడేది ఈ2నే. ఎంజైమ్ ఉండేది ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లో, కేంద్రకపు పొర మీద. కాబట్టి అసలు రంగు సైటోప్లాజంలో, కేంద్రకం చుట్టూ కాస్త చిక్కగా కనబడాలి. ఇంకెక్కడ కనబడినా అనుమానించాలి. ఈ ముక్క నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. అయినా రెండు నెలలు మోసపోయాను.

దశ 1: బ్లాకులు ఏరడం

పాత పారఫిన్ బ్లాకుల్లోంచి (మైనంలో దాచిన కణితి ముక్కలు) 41 తీశాను. నోటి స్క్వామస్ సెల్ కార్సినోమా 14, పాల గ్రంథి కార్సినోమా 15, మూత్రాశయపు యూరోథీలియల్ కార్సినోమా 5, ఇంజెక్షన్ చేసిన చోట వచ్చే సార్కోమా 7.

మామూలు రంగు వేసిన (హెచ్ అండ్ ఈ) స్లైడ్లు మళ్లీ చూశాక మూడు పోయాయి. రెండు పాల గ్రంథి బ్లాకుల్లో చచ్చిన కణజాలమే ఎక్కువ. ఒక మూత్రాశయం బయాప్సీ అప్పటికే చాలాసార్లు కోయడం వల్ల మైనం తప్ప ఏమీ మిగల్లేదు.

ఇక్కడే ఒక తప్పు చేశాను. మిగిలిన 38 బ్లాకులకూ కావాల్సిన సెక్షన్లన్నీ (స్లైడు మీద అతికించే పలచని పొరలు) ఒకే వారంలో కోసి, పెట్టెల్లో సర్ది, బల్ల మీద పెట్టేశాను. వాటిని కోసే యంత్రం, మైక్రోటోమ్, ఖాళీగా దొరికింది కదా అని. దాని సంగతి దశ 4లో వస్తుంది.

*లెక్క: బ్లాకులు 38. రంగు వేసిన స్లైడ్లు 0. యాంటీబాడీ 100 మైక్రోలీటర్లు.*

దశ 2: అంతా గోధుమ రంగే

పాజిటివ్ కంట్రోలుగా, అంటే రంగు తప్పక రావాల్సిన ముక్కగా, కిడ్నీ తీసుకున్నాను. కిడ్నీలోని డిస్టల్ ట్యూబ్యూల్ (సన్నని గొట్టం) గ్లోమెరులస్‌ను (రక్తాన్ని వడకట్టే ఉండ) ఆనుకునే చోట మాక్యులా డెన్సా అనే చిన్న కణాల గుంపు ఉంటుంది. కుక్క కిడ్నీలో అక్కడ కాక్స్-2 ఉంటుందని బాగా తెలిసిన విషయం. అందుకని కుక్క కిడ్నీ 3, పిల్లి కిడ్నీ 3, మొత్తం 6 స్లైడ్లు చేశాను. ప్రైమరీ, అంటే కాక్స్-2ను పట్టుకునే యాంటీబాడీ, నూరింతలు పలచన చేసి (1:100), స్లైడుకు 200 మైక్రోలీటర్లు. ఆ తర్వాత ప్రైమరీని పట్టుకునే, బయోటిన్ అనే విటమిన్ తగిలించిన సెకండరీ, బయోటిన్‌కు అతుక్కునే స్ట్రెప్టావిడిన్-పెరాక్సిడేజ్, చివర ఆ పెరాక్సిడేజ్ ఉన్నచోట గోధుమ రంగు తెచ్చే డాబ్.

మాక్యులా డెన్సా గోధుమ రంగులో ఉంది. దాని పక్క ట్యూబ్యూల్ కూడా. ఆ పక్కదీ. కిడ్నీ కిడ్నీ అంతా టీలో ముంచి తీసినట్టుంది.

డైల్యూషన్ పెంచుదామని కూర్చుంటే, మా సీనియర్ టెక్నీషియన్ స్లైడు చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. "ప్రైమరీ వెయ్యకుండా ఒకటి చేశావా?" అని అడిగాడు. చెయ్యలేదు. స్లైడు ఆదా అవుతుందని మానేశాను. "అది మానేస్తే మిగతా ఆరూ మానేసినట్టే" అని స్లైడు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు పిల్లి కిడ్నీ మీదే, ప్రైమరీ లేకుండా, ఒక్కో మెట్టూ విడగొట్టి చూశాను:

1. డాబ్ మాత్రమే: ఎర్ర రక్తకణాల్లో లేత గోధుమ రంగు, ఇంకెక్కడా లేదు. రక్తకణాలు సొంతంగా డాబ్‌కు రంగు తేకుండా ఆపే హైడ్రోజన్ పెరాక్సైడ్ బ్లాక్ పూర్తిగా పనిచేయలేదన్నమాట. సీసా పాతది. కొత్తది తెరిస్తే పోయింది.
2. స్ట్రెప్టావిడిన్-పెరాక్సిడేజ్, తర్వాత డాబ్: ట్యూబ్యూల్స్ అన్నీ గోధుమ రంగు.
3. సెకండరీ, స్ట్రెప్టావిడిన్, డాబ్: పైదానిలాగే.
4. సెకండరీ, పెరాక్సిడేజ్ కలిపే ఉన్న, బయోటిన్ లేని పాలిమర్ కిట్, డాబ్: శుభ్రం.

దొంగ రెండో స్లైడులోనే దొరికాడు. కిడ్నీలో, లివర్‌లో సహజంగానే బయోటిన్ ఎక్కువ. యాంటిజెన్ రిట్రీవల్ కోసం, అంటే యాంటీబాడీ పట్టుకోవాల్సిన ప్రొటీన్ (యాంటిజెన్) మళ్లీ దొరికేలా, వేడి చేసేసరికి అది ఇంకా బయటపడుతుంది, స్ట్రెప్టావిడిన్ వెళ్లి దానికి అతుక్కుంటుంది. అవిడిన్-బయోటిన్ బ్లాక్ వేసి కూడా దీన్ని అణచవచ్చు. కానీ అదనంగా రెండు మెట్లు, రెండు కడుగుళ్లు. నేను పాలిమర్‌కు మారిపోయాను.

*లెక్క: స్లైడ్లు 10. వాడిన యాంటీబాడీ 12 మైక్రోలీటర్లు. పనికొచ్చిన ఫలితాలు 0.*

దశ 3: ఇప్పుడు అంతా తెలుపే

పాలిమర్‌తో, అదే 1:100తో రెండు కిడ్నీ స్లైడ్లు చేశాను. బ్యాక్‌గ్రౌండ్ అద్దంలా ఉంది. మాక్యులా డెన్సా కూడా అద్దంలాగే ఉంది. మొదటి రోజు అక్కడ కనబడిందంతా బయోటినేనని అప్పుడు తెలిసింది.

ఫార్మలిన్ ప్రొటీన్లను ఒకదానికొకటి బిగించేస్తుంది. యాంటీబాడీ పట్టుకోవాల్సిన చోటు లోపల దాగిపోతుంది. దాన్ని తెరవడానికి బఫర్‌లో వేడి చేస్తాం. నేను వాడుతున్నది 10 మిల్లీమోలార్ సిట్రేట్, పీహెచ్ 6. ట్రిస్-ఈడీటీఏ, పీహెచ్ 9 కూడా చూద్దామని రెండు బఫర్లు, నాలుగు డైల్యూషన్లు (1:50, 1:100, 1:200, 1:400) కలిపి 8 స్లైడ్ల గ్రిడ్ వేశాను.

మొదటి గ్రిడ్ మొత్తం పోయింది. పీహెచ్ 9 వైపు నాలుగింట్లో మూడు సెక్షన్లు ఊడి బఫర్‌లో తేలాయి. సిట్రేట్ వైపు నాలుగూ మళ్లీ తెలుపే.

తెలుపు ఎందుకొచ్చిందో కనిపెట్టడానికి రెండు రోజులు పట్టింది. వాటర్ బాత్ మీద అంకె 96 డిగ్రీలు చూపిస్తోంది, అది నిజమే. కానీ స్లైడ్లు ఉన్నది బాత్ నీళ్లలో కాదు, అందులో నిలబెట్టిన జార్‌లో. ప్రోబ్ థర్మామీటర్ జార్ లోపల పెట్టి రెండేసి నిమిషాలకు రాసుకున్నాను: మొదట 31, తర్వాత 52, 66, 75, 80. ఇరవయ్యో నిమిషంలో స్లైడ్లు బయటికి తీసే టైముకి 88. అంటే నా సెక్షన్లు 95 డిగ్రీలు ఒక్క నిమిషం కూడా చూడలేదు.

మార్చినవి:

1. జార్‌లో బఫర్ పోసి, మూత పెట్టి, ముందే బాత్‌లో ఉంచడం. జార్ లోపల 95 దాటాకే స్లైడ్లు దించడం.
2. స్లైడ్లు దించగానే వేడి పడిపోతుంది. మళ్లీ 95కి వచ్చిన క్షణం నుంచి 20 నిమిషాలు లెక్కపెట్టడం.
3. తర్వాత జార్ బయటపెట్టి, అదే బఫర్‌లో 20 నిమిషాలు చల్లారనివ్వడం.
4. సెక్షన్లు ఊడకుండా పాజిటివ్ చార్జ్ ఉన్న స్లైడ్లు, 3 మైక్రాన్ల మందం, 60 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెట్టడం.

రెండో గ్రిడ్‌లో ఒక్క సెక్షన్ కూడా ఊడలేదు. సిట్రేట్‌లో 1:50 దగ్గర మాత్రమే కాస్త రంగు. ట్రిస్-ఈడీటీఏలో 1:200 దగ్గర శుభ్రంగా, 1:50 దగ్గర మురికిగా. 1:200 ఖాయం చేసుకున్నాను.

ఆ స్లైడులో కనబడింది కాస్త వివరంగా చెప్పాలి. పిల్లి కిడ్నీలో ప్రాక్సిమల్ ట్యూబ్యూల్స్‌లో కొవ్వు ఉండటం మామూలే. అందుకే ఆ కణాలు నురగలా తెల్లగా కనబడతాయి. ఆ తెలుపు మధ్యలో గ్లోమెరులస్ మెడ దగ్గర ఏడెనిమిది కేంద్రకాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడ్డాయి. వాటిలో నాలుగింటి చుట్టూ సన్నని గోధుమ రంగు ఉంగరం. మిగతావి నీలంగానే ఉన్నాయి. పిల్లి కిడ్నీలో 20 గ్లోమెరులస్‌లు లెక్కపెడితే ఇలాంటిది 6 చోట్లే దొరికింది. అందుకే ఒక్క పిల్లి కిడ్నీనే నమ్ముకోకుండా, ప్రతి బ్యాచ్‌లోనూ కుక్క కిడ్నీ, పిల్లి కిడ్నీ రెండూ పెట్టాను.

యాంటీబాడీని ముందే దాని పెప్టైడ్‌తో (అది పట్టుకునే ప్రొటీన్ ముక్క) కలిపి వేస్తే ఆ ఉంగరం మాయమైంది. పక్క స్లైడులో, పెప్టైడ్ లేకుండా, ఉంది. అప్పుడు టెన్షన్ తగ్గింది.

*లెక్క: స్లైడ్లు 30. వాడిన యాంటీబాడీ 48, మిగిలింది 52 మైక్రోలీటర్లు. ఒక్క కణితి కూడా ఇంకా ముట్టుకోలేదు.*

దశ 4: కణితులు

మొత్తం 38ని నాలుగు బ్యాచ్‌లు చేశాను: 10, 10, 10, 8. ఒక్కో కేసుకు ఒక టెస్ట్ స్లైడు, ప్రైమరీ బదులు, కాక్స్-2ను ప్రత్యేకంగా పట్టుకోని మామూలు కుందేలు ఇమ్యునోగ్లోబ్యులిన్ (యాంటీబాడీ) వేసిన ఒక నెగటివ్ స్లైడు. బ్యాచ్‌కు రెండు కిడ్నీలు.

కంట్రోళ్లు కుదిరాయి కాబట్టి ఇక చూసి రాసుకోవడమే అనుకున్నాను. మొదటి బ్యాచ్‌లో పాజిటివ్ అని రాసుకున్నవాటిలో సగం తర్వాత కొట్టేశాను. ఏవేవి మోసం చేశాయంటే:

కెరటిన్ ముత్యాలు. నోటి స్క్వామస్ కార్సినోమాలో ఉల్లిపాయ పొరల్లా చుట్టుకున్న కెరటిన్ ఏ యాంటీబాడీనైనా పట్టేసుకుంటుంది. నెగటివ్ స్లైడులోనూ అదే గోధుమ రంగు ఉంది. దాన్ని లెక్కలోంచి తీసేశాను.

పుండు కింది మాక్రోఫేజ్‌లు (చెత్తను మింగే రక్షణ కణాలు). ఇది మోసం కాదు, నిజమైన కాక్స్-2నే. వాపు ఉన్నచోట మాక్రోఫేజ్‌లు దాన్ని తయారుచేస్తాయి. కానీ అవి కణితి కణాలు కావు. పుండు పడ్డ కణితిలో తక్కువ మాగ్నిఫికేషన్‌తో చూస్తే కణితి మొత్తం పాజిటివ్‌గానే అనిపిస్తుంది. 40 ఆబ్జెక్టివ్‌తో చూడకుండా ఏదీ రాయకూడదని ఇక్కడే నియమం పెట్టుకున్నాను.

పాత రక్తం. నాలుగు సార్కోమాల్లో గింజలు గింజలుగా ముదురు గోధుమ రంగు. ఇనుమును నీలంగా చూపించే పెర్ల్స్ స్టెయిన్ వేస్తే నీలమైంది. అది ఇనుము, హీమోసిడెరిన్. అసలు డాబ్ రంగు అలా గింజల్లా మెరవదు, పొగలా పరుచుకుంటుంది. కళ్లకు అలవాటయ్యాక తేడా తెలుస్తుంది, అలవాటయ్యేదాకా పెర్ల్స్ వేయడమే మంచిది.

సెక్షన్ అంచులు. ద్రవం ఆరిపోతే అంచంతా గోధుమ రంగు పడుతుంది. అంచు నుంచి ఒక ఫీల్డ్ (మైక్రోస్కోపులో ఒకసారికి కనబడేంత మేర) లోపలికి వచ్చాకే లెక్క మొదలుపెట్టాను.

ఇవన్నీ లేని రంగును చూపించేవి. ఉన్న రంగును దాచేసేవి ఇంతకంటే ప్రమాదం. నెగటివ్ వస్తే ఎవరం మళ్లీ చూడం కదా.

పిల్లి నోటి స్క్వామస్ కార్సినోమా దవడ ఎముకలోకి చొచ్చుకుపోవడం మామూలే. అలాంటి ముక్కను కోయాలంటే ముందు ఎముకను మెత్తబరచాలి. నా దగ్గరున్న 3 బ్లాకులు బలమైన ఆమ్లంలో మెత్తబరిచినవి. మూడూ తెల్లగా వచ్చాయి. నెగటివ్ అని రాసేశాను కూడా. మా గైడ్ మేడం రిజిస్టరు తిరగేసి, "వీటిలో విమెంటిన్ అయినా పడుతుందా?" అని అడిగారు. మొత్తం 38కీ విమెంటిన్ వేశాను. విమెంటిన్ రక్తనాళాల గోడల్లో, ఫైబ్రోబ్లాస్టుల్లో ఎలాగూ ఉంటుంది కాబట్టి ముక్కలో యాంటిజెన్ బతికుందో లేదో చెబుతుంది. 35లో బాగా పట్టింది. ఆ మూడింటిలో రక్తనాళాలు కూడా ఖాళీ. అవి నెగటివ్ కాదు, పనికిరానివి. తీసేశాను.

ఇక బల్ల మీది పెట్టెల సంగతి. నాలుగో బ్యాచ్ 8 కేసుల్లో ఒక్కటీ పాజిటివ్ రాలేదు. కిడ్నీ కంట్రోళ్లు మాత్రం చక్కగా వచ్చాయి, విమెంటిన్ కూడా పట్టింది. కాబట్టి అనుమానం రాలేదు. వారం తర్వాత వేరే పని మీద కిడ్నీ బ్లాకు కోస్తుంటే తట్టింది: కంట్రోలు ప్రతిసారీ అప్పటికప్పుడు కోస్తున్నాను, కణితి సెక్షన్లు మాత్రం కోసి 5 వారాలైంది. కోసి గాలికి వదిలేసిన సెక్షన్లలో కొన్ని యాంటిజెన్లు నెమ్మదిగా చచ్చిపోతాయి. విమెంటిన్ మొండిది, తట్టుకుంటుంది. కాక్స్-2 తట్టుకోలేదు. తాజా కంట్రోలు నా పాత సెక్షన్లకు దొంగ సాక్ష్యం చెప్పింది.

ఎనిమిదీ మళ్లీ కోయాల్సి వచ్చింది. వయల్‌లో కాగితం మీద 6 మైక్రోలీటర్లు ఉన్నాయి, పిపెట్‌కు దొరికింది 3. కొత్త వయల్ తెరిస్తే లాట్ (తయారీ విడత) నంబరు వేరు. పాతదే కదా అని 1:200 వేయకుండా, కుక్క కిడ్నీ మీద 1:100, 1:150, 1:200 మూడూ చూశాను. పాత లాట్‌లో 1:200 ఇచ్చిన రంగు కొత్తదానిలో 1:150 దగ్గర వచ్చింది. తాజాగా కోసిన ఎనిమిదిలో 2 పాజిటివ్ అయ్యాయి.

*లెక్క: స్లైడ్లు 169. బ్లాకులు 35 (నోరు 11, పాల గ్రంథి 13, మూత్రాశయం 4, సార్కోమా 7).*

దశ 5: లెక్కపెట్టడం

1987లో రెమ్మెలే, స్టెగ్నర్ ప్రతిపాదించిన, రంగును అంకెగా మార్చే ఐఆర్ఎస్ స్కోరు వాడాను. రంగు పట్టిన కణాల శాతానికి 0 నుంచి 4 (అసలు లేకపోతే 0, 10 శాతం లోపు 1, 10 నుంచి 50 వరకు 2, 51 నుంచి 80 వరకు 3, 80 దాటితే 4), రంగు చిక్కదనానికి 0 నుంచి 3. రెండూ గుణిస్తే 0 నుంచి 12. నాకు 4 దాటినా, సరిగ్గా 4 వచ్చినా పాజిటివ్.

స్లైడ్ల మీది నంబర్లు టేపుతో మూసి, నేనూ, ఇంకో పీజీ విద్యార్థినీ విడివిడిగా చదివాం. మొదటిసారి ఇద్దరికీ పాజిటివ్ 8, నాకు మాత్రమే 7, ఆమెకు మాత్రమే 1, ఇద్దరికీ నెగటివ్ 19. 35లో 27 కలిశాయి, అంటే 77 శాతం. బాగానే ఉందనిపిస్తుంది. కానీ నెగటివ్‌లు ఎక్కువున్నప్పుడు గుడ్డిగా చెప్పినా సగానికి పైగా కలుస్తాయి. దాన్ని తీసేసి చూపించే కప్పా విలువ 0.51 మాత్రమే.

తేడా ఎక్కడ? "లేత" రంగు దగ్గర. నేను 1 అన్న చాలావాటిని ఆమె 0 అంది. మాటలతో తెగలేదు. అందుకని మూడు ఫోటోలు ప్రింట్ తీసి మైక్రోస్కోపు పక్కన అంటించాం: ఇది 1, ఇది 2, ఇది 3. కేంద్రకం చుట్టూ చిక్కదనం లేకపోతే 0. ఒక్కో స్లైడులో 10 ఫీల్డులు. రెండు వారాలాగి, నంబర్లు మార్చి మళ్లీ చదివాం. ఇద్దరికీ పాజిటివ్ 9, చెరొకటి తేడా, నెగటివ్ 24. కప్పా 0.86. ఆ రెండింటినీ మేడం ముందు రెండు తలల మైక్రోస్కోపు కింద తేల్చుకున్నాం: ఒకటి అటు, ఒకటి ఇటు.

*చివరి లెక్క: 35లో 10 పాజిటివ్. మూత్రాశయం 4లో 3, నోరు 11లో 3, పాల గ్రంథి 13లో 4, సార్కోమా 7లో 0.*

ఇవి శాతాలుగా చెప్పుకోదగ్గ సంఖ్యలు కావు, నాలుగు మూత్రాశయాలతో ఎవరూ ఏమీ నిరూపించలేరు. నాకు అంతకంటే విలువైనది ఇంకో కూడిక. అవే స్లైడ్లను "ఎక్కడైనా ఏ కాస్త రంగున్నా పాజిటివ్" అనే పద్ధతిలో లెక్కేసి చూశాను. 35లో 21 వచ్చాయి. పాల గ్రంథి 13లో 4 కాస్తా 10 అయింది. ఒకే యాంటీబాడీ, ఒకే చేయి, ఒకే గాజు ముక్క. గీత ఎక్కడ గీశామన్నదే తేడా. ఇప్పుడు పేపరు చేతికొస్తే ఫలితాల కంటే ముందు కటాఫ్ ఎంత, బయోటిన్ వాడారా, సెక్షన్లు ఎప్పుడు కోశారు అన్నవి వెతుకుతున్నాను. మూడోది దాదాపు ఎవరూ రాయరు.

"పాజిటివ్ వస్తే మెలాక్సికామ్ ఇవ్వచ్చా?" అని క్లినిక్ వాళ్లు అడుగుతున్నారు. అది కాక్స్-2ను ఆపే నొప్పి మందు. ఈ స్లైడు ఆ ప్రశ్నకు జవాబు కాదు. ఎంజైమ్ ఉందని చెబుతుంది, దాన్ని ఆపితే కణితి తగ్గుతుందని చెప్పదు. పైగా నా కంట్రోలు ఏదో మర్చిపోకూడదు. మాక్యులా డెన్సాలో ఆ ఎంజైమ్ ఊరికే కూర్చోలేదు, రక్తపోటును నిలబెట్టే రెనిన్ విడుదలలో దానికి పాత్ర ఉంది. ముసలి పిల్లుల్లో కిడ్నీ జబ్బు మామూలే, కణితులు వచ్చేదీ ఎక్కువగా ఆ వయసులోనే. మెలాక్సికామ్ పదే పదే ఇస్తే పిల్లుల కిడ్నీలు దెబ్బతినవచ్చన్న హెచ్చరిక ఉండనే ఉంది.

ఇప్పుడు చేస్తున్న పద్ధతి

1. ఫార్మలిన్‌లో 24 నుంచి 48 గంటలు, అంతకు మించకుండా.
2. 3 మైక్రాన్లు, చార్జ్ ఉన్న స్లైడు. కోసిన వారంలోపే రంగు. కోసిన తేదీ స్లైడు మీదే పెన్సిలుతో.
3. 60 డిగ్రీల దగ్గర గంట. జైలీన్, ఆల్కహాల్, నీళ్లు.
4. ట్రిస్-ఈడీటీఏ పీహెచ్ 9, జార్ లోపల 95 డిగ్రీలు, 20 నిమిషాలు. చల్లారడానికి 20.
5. తాజా 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, 10 నిమిషాలు.
6. ప్రైమరీ పాత లాట్‌కు 1:200, కొత్తదానికి 1:150 (లాట్ మారితే మళ్లీ చూడాలి), తడి పెట్టెలో, 4 డిగ్రీల దగ్గర రాత్రంతా.
7. బయోటిన్ లేని పాలిమర్, 30 నిమిషాలు. డాబ్ 5 నిమిషాలు, గడియారం చూసి, అన్ని స్లైడ్లకూ ఒకేలా. గ్లవ్స్ తప్పనిసరి, డాబ్ క్యాన్సర్ కారకం కావచ్చు.
8. కేంద్రకాలకు నీలం రంగు వేసే హెమటాక్సిలిన్ లేతగా. ముదిరితే కేంద్రకం చుట్టూ ఉన్న ఉంగరం కనబడదు.

పోయిన నెల కొత్తగా ఒక దవడ ముక్క వచ్చింది. ఆమ్లం జోలికి పోకుండా, ఎముకను మెల్లగా మెత్తబరిచే ఈడీటీఏలో వేశాం, మూడు రోజులకోసారి ద్రావణం మారుస్తున్నాం. ఇవాళ 19వ రోజు. వంచి చూస్తే ఇంకా గట్టిగానే ఉంది.